ఎక్స్‌రే మాస్టారి కుడిచెయ్యి

కంటి ఆపరేషనుకు ముందు ఛాతీ ఫోటో కావాలన్నారు. మొన్న ఆ పని మీద వెళ్తే, ఎక్స్‌రే గదిలో ఉన్న అమ్మాయి నా గడ్డాన్ని పలకకు ఆనించి, భుజాలు ముందుకు వంచి, గబగబా గోడ వెనక్కి పోయింది. అద్దంలోంచి చూస్తూ, "గాలి పీల్చి బిగబట్టండి" అంది. బిగబట్టాను. వదలమని చెబుతుందేమోనని అలాగే నిలబడ్డాను. ఆ అమ్మాయి బయటికొచ్చి, "అయిపోయిందండి. ఇంకా బిగబట్టే ఉన్నారా?" అని నవ్వింది.

ఉన్నాను మరి. నా ఉద్యోగంలో మొదటి ఏళ్ళన్నీ పక్కగదిలోంచి రోజుకు ముప్ఫైసార్లు ఒకే గొంతు విన్నదాన్ని. "గాలి పీల్చు తల్లీ... బిగబట్టు... ఆఁ, ఇక వదిలెయ్. సుఖంగా వదిలెయ్." ఆ 'సుఖంగా' అన్న మాట మళ్ళీ ఏ ఎక్స్‌రే గదిలోనూ వినలేదు.

తెనాలిలో ఆయన్ని అందరూ ఎక్స్‌రే మాస్టారు అనేవాళ్ళు. ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. వచ్చిన రోగి ఎంత పెద్ద ఆసామీ అయినా సరే, డ్రిల్లు మాస్టారిలా "నిటారుగా నిలబడు, మోచేతులు ముందుకి" అని గదమాయించేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. పొట్టి మనిషి. ఖాకీ ప్యాంటు, తెల్ల పొట్టిచేతుల చొక్కా. కుడిచేతి మీద ఎప్పుడూ ఒక తెల్ల తువ్వాలు, మణికట్టు నుంచి కిందికి వేలాడుతూ ఉండేది. ముఖం తుడుచుకోడానికి వేసుకున్నారనుకునేదాన్ని. నెల గడిచినా దాంతో ఆయన ముఖం తుడుచుకోగా చూడలేదు.

మాది చెరుకుపల్లి. మా నాన్న మిషనరీల బళ్ళో టీచరు. రక్తపరీక్షల పని గుంటూరులో నేర్చుకుని, అరవైల నడుమ తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. నా ల్యాబుకూ ఆయన చీకటిగదికీ మధ్య ఒక చెక్క అడ్డు మాత్రమే ఉండేది. ఫిల్ములు కడిగే మందు వాసన, ఆయన గొణుగుడు, తడి ఫిల్ములు తీగకు తగిలించే క్లిప్పుల టకటక అన్నీ ఇవతలికి వచ్చేవి.

ఆయనకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. ఎముకలు గుర్తుండేవి. ఒకసారి నందివెలుగు నుంచి ఒక రైతు వచ్చి, "బాగున్నారా మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు. ఈయన ముఖం వంక చూసి తల అడ్డంగా ఊపారు. అతను చొక్కా విప్పి పలక ముందు నిలబడ్డాడు. కాసేపటికి చీకటిగదిలోంచి సంతోషంగా కేక వినిపించింది. "ఓరి నువ్వా! అయిదో పక్కటెముక అతుకు! బండి మీంచి పడ్డావు గదా! అప్పుడే చెప్తే ఏం పోయింది?"

ఆ రోజుల్లో ఫోటోలు తీయడమే కాకుండా స్క్రీనింగు అని ఒకటి ఉండేది. గది చీకటి చేసి, రోగిని మిషన్ ముందు నిలబెట్టి, లోపల గుండె కొట్టుకోవడం, ఊపిరితిత్తులు కదలడం ఒక పచ్చటి తెర మీద అప్పటికప్పుడు చూసేవాళ్ళు. కళ్ళు చీకటికి అలవాటు పడాలి కాబట్టి, పావుగంట ముందునుంచీ ఎర్ర అద్దాలు పెట్టుకోవాలి. మాస్టారు వాటితోనే వీధిలోకి వెళ్ళి పేపరు కొనుక్కొచ్చేవారు. "ఇంకా తగ్గలేదా కళ్ళకలక?" అని దారిన పోయేవాళ్ళు అడిగితే, "ఈ జన్మకి తగ్గదు బాబాయ్" అని నడిచేవారు.

ఆ చేతిని నేను మొదటిసారి చూసింది ఒక స్క్రీనింగు రోజునే. అమృతలూరు నుంచి ఒకావిడ రెండేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. వాడు పైసా బిళ్ళ మింగాడు. అది గొంతులో ఉందో కడుపులోకి జారిందో చూడాలి. పిల్లాడు గింజుకుంటున్నాడు. పట్టుకోమని పెద్ద డాక్టరుగారు ఆ తల్లికి చెప్పబోతే మాస్టారు అడ్డొచ్చారు.

"నువ్వు బయట కూర్చో తల్లీ. నీ కడుపులో ఇంకొకరున్నారు గదా. నేను పట్టుకుంటాలే."

నన్ను వెలుతురు రాకుండా తలుపుకు నల్లగుడ్డ అడ్డం పట్టుకోమన్నారు. దీపం ఆర్పేముందు తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. అప్పుడు కనిపించాయి వేళ్ళు. చూపుడువేలు, నడిమివేలు ఎండిన కొమ్మల్లా బిగుసుకుపోయి, చర్మం పగిలి, అక్కడక్కడా పులిపిర్లు లేచి ఉన్నాయి. గోళ్ళు చిట్లి నల్లబడ్డాయి. చూపుడువేలి కణుపు మీద ఒక పుండు. ఆ చేతులతోనే పిల్లాడి చంకల కింద పట్టుకుని పచ్చతెర వెనక నిలబెట్టారు. బిళ్ళ కడుపులోకి జారిందని తేలింది. "రేపో ఎల్లుండో దానంతటదే వస్తది, అరటిపండు పెట్టు" అని ఆ తల్లికి చెప్పి, మళ్ళీ తువ్వాలు కప్పేసుకున్నారు.

తర్వాత అడిగాను. "బీరువాలో సీసం తొడుగులు ఉన్నాయి కదండీ, ఎందుకు వేసుకోరు?"

"అవి తొడుక్కుంటే పిల్లాడు జారిపోతాడమ్మాయ్. గేదె చర్మంలాగా ఉంటాయి."

"పొద్దున్నే ఎవరూ లేనప్పుడు కూడా వేసుకోరుగా?"

ఆయన తువ్వాలు సర్దుకుని చీకటిగదిలోకి పోయారు. రోజూ పొద్దున మిషన్ వెయ్యగానే కిరణం బలం ఎంతుందో చూడ్డానికి ఆయన తన కుడిచేతినే అడ్డం పెట్టేవారు. తెర మీద తన వేళ్ళ ఎముకలు ఎంత స్పష్టంగా కనిపిస్తే మిషన్ అంత సరిగ్గా ఉన్నట్టు. ఆయనకు పని నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. ఇరవై ఏళ్ళు అలాగే చేశారు.

ఊళ్ళో జనం మాత్రం ఆ చెయ్యి సంగతి వేరే అనుకున్నారు. వీధి చివరి హోటలు నుంచి మాకు కాఫీలు వచ్చేవి. అందరికీ స్టీలు గ్లాసులు, మాస్టారికి మాత్రం అంచు చిట్లిన గాజు గ్లాసు. ఒకరోజు ఆ కాఫీ తెచ్చే మనిషిని నిలదీశాను. అతను గొంతు తగ్గించి, "మీకు తెలీదేమోనండి, ఆయనకి పెద్దరోగం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "రోగం కాదు, ఏం కాదు. అది ఈ మిషన్..." అంటుండగానే మాస్టారు లోపల్నుంచి గట్టిగా పిలిచారు. "అమ్మాయ్, ఇట్టా రా."

వెళ్ళాను. తలుపు వేశారు.

"ఏం చెప్పబోయావు?"

"నిజం చెప్పబోయానండీ. మీకు కుష్టు అనుకుంటున్నారు."

"అనుకోనీ. నువ్వు మిషన్ వల్ల అని చెప్పావనుకో, సాయంత్రానికి ఊరంతా పాకుద్ది. ఫోటో తీయించుకుంటే చేతులు కుళ్ళిపోతయ్యంట అంటారు. రేపట్నించి ఒక్క దగ్గు మనిషి ఆ గుమ్మం తొక్కడు. వాళ్ళకి ఒక్క ఫోటోతో ఏం కాదు, నాకు రోజూ కాబట్టి అయింది. ఇంత వివరంగా ఎవరు వింటారు? క్షయ ఉన్నోడు ఇంట్లో కూర్చుని దగ్గుతా పిల్లలకి అంటిస్తాడు. దానికంటే నేను గాజు గ్లాసులో తాగడం మేలు గదా?"

నేను ఏడ్చాను. ఆయన విసుక్కున్నారు. "ఏంటి చిన్నపిల్లలాగా? గాలి పీల్చు. ఆఁ, వదిలెయ్."

ఆ గ్లాసులో ఆయన ఎన్నేళ్ళు తాగారో. ఒక్కసారి కూడా ఆ మనిషితో మాట తేడా రానివ్వలేదు.

డెబ్బైల మొదట్లో ఒక వేసవి. మాస్టారు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని ఉప్పునీళ్ళు పుక్కిలించేవారు. నేను పట్టుబట్టి చెవి తమ్మె గుచ్చి రెండు బొట్లు తీసుకున్నాను. తెల్లకణాలు మామూలు మనిషికి ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేవు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ చూశాను. మూడోసారి కూడా అంతే వచ్చింది.

"ఎవరికీ చెప్పకు" అన్నారాయన. "ఈ నెల గడవనీ. ఊళ్ళల్లో క్షయ పరీక్షలకి వందమందిని రమ్మని రాశాం. వాళ్ళ ఫోటోలెవరు తీస్తారు?"

"చెప్పకపోతే మీరు..."

"నాకు మాటివ్వు తల్లీ."

మాట ఇచ్చాను. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. సాయంత్రం పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టాను. మర్నాటి నుంచి మాస్టారిని మిషన్ దగ్గరికి రానివ్వలేదు. బాపట్ల నుంచి ఒకాయన్ని పిలిపించి ఆ వందమంది ఫోటోలు తీయించారు. మాస్టారు తువ్వాలు దులుపుకుని నా ల్యాబు ముందునుంచే నడిచి వెళ్ళారు. తల తిప్పలేదు. భార్య పుట్టిల్లు రేపల్లెలో ఉండేది. అక్కడికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నెలకోసారి రక్తపరీక్ష కోసం రేపల్లె బండిలో వచ్చేవారు. చెవి ఇటు పెట్టేవారు. నేను గుచ్చేదాన్ని. ఒక్క మాట ఉండేది కాదు. ఆయనకిచ్చిన మాట తప్పాను కాబట్టి నేనూ పలకరించే ధైర్యం చెయ్యలేదు.

మూడో నెలకు కూడా లెక్క పెరగకపోయేసరికి, మద్రాసులో చదువుకుని కొత్తగా చేరిన చిన్న డాక్టరుగారు మజ్జ తీసి చూద్దామన్నారు. రక్తం పుట్టేది ఎముకల లోపలి మజ్జలోనే కాబట్టి అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. రొమ్ము ఎముకలోకి సూది దించి పీల్చారు. మాస్టారు గాలి పీల్చి బిగబట్టారు. నేను గాజుపలకల మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలుగా మజ్జ అంటే తిరునాళ్ళలా క్రిక్కిరిసి ఉండాలి. అక్కడ ఖాళీ చోట్లే ఎక్కువ. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని రక్తకణాలు.

వెనక చప్పుడైతే తిరిగాను. మాస్టారు లేచి వచ్చి నిలబడ్డారు, గుండె మీద దూదిని ఎడంచేత్తో అదుముకుని.

"నన్ను చూడనీ" అన్నారు. మూడు నెలల తర్వాత మొదటి మాట.

కుర్చీ ఇచ్చాను. ఆయన కంటిని గొట్టానికి ఆనించి చాలాసేపు చూశారు. ఎముకల ఫోటోలు చదవడంలో ఆరితేరిన కన్ను అది. ఆ ఎముకల లోపల ఏముంటుందో చూడటం అదే మొదలు.

"ఖాళీగా ఉందే."

"అవునండి."

"ఈ మూల బారుగా ఉన్నయ్యేంటి? చేపపిల్లల్లాగా, రెండు కొసలూ సన్నగా?"

"అవి... అవి లెక్కలోకి రావండి. రక్తకణాలు కాదు. మేము లెక్కపెట్టేటప్పుడు వాటిని వదిలేస్తాం."

"ఎందుకని?"

నాకు తెలీదు. అలా నేర్పారు. ఆయన కన్ను తియ్యకుండానే అన్నారు. "నాకూ అట్టానే నేర్పారు, చెయ్యి పెట్టమని."

చిన్న డాక్టరుగారు వచ్చి ఆయనా చూశారు. ఆ బారు కణాల గురించి తాను చదివింది చెప్పారు. విదేశాల్లో ఎవరో మజ్జను గాజుపళ్ళెంలో వేసి పెంచుతున్నారట. రక్తకణాలు తేలిపోతే ఇవి గాజును కరుచుకుని ఉండిపోతాయట. ఎముక కట్టేవి ఇవేనట. రక్తం పుట్టించే కణాలను తమ మధ్య పెట్టుకుని సాకేవి కూడా ఇవేనని అనుకుంటున్నారట. కిరణాల దెబ్బకు ఆ రక్తం పుట్టించేవి ముందు చస్తాయి, ఇవి మాత్రం చాలావరకు ఓర్చుకుంటాయట.

మాస్టారు శ్రద్ధగా విన్నారు. "అంటే డాక్టరుగారూ, నారు ఎండిపోయింది గానీ మడి బాగానే ఉందంటారు?"

"అంతేనండి. నాలుగు మొక్కలు మిగిలినా చాలు, మడి బాగుంటే మళ్ళీ పెరుగుతాయి. మీరు మిషన్ వైపు పోకూడదు, అంతే."

"మరి ఇది?" తువ్వాలు తీసి వేలు చూపించారు. పుండు అప్పటికి కణుపు లోపలికి దిగింది.

డాక్టరుగారు ఆ వేలిని వెలుతురుకు తిప్పి చూసి, "రొమ్ము మీద ఎప్పుడో కొంచెం పడింది. ఈ వేళ్ళ మీద ఇరవై ఏళ్ళు రోజూ పడింది. ఎంత ఓర్చుకునేవైనా అంత దెబ్బకి నిలవలేవు. ఇక్కడ బాగుచెయ్యాల్సినవే అయిపోయాయి" అన్నారు.

మాస్టారు తల ఊపారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూశారు. "నువ్వు చెప్పబట్టి ఆ నాలుగు మొక్కలన్నా మిగిలినయ్యి. మాట తప్పితే తప్పావులే."

గాజుపలకను జాగ్రత్తగా పెట్టెలో పెట్టాను. ఆ రోజు నా గుండె మీది నుంచి ఎంత బరువు దిగిందో ఆయనకు తెలియదు.

లెక్క నిజంగానే పెరిగింది. ఒకేసారి కాదు. వర్షాలకు కొంచెం, చలికాలానికి ఇంకొంచెం. ఏడాది తిరిగేసరికి మామూలు మనిషికి దగ్గరగా వచ్చింది. ఆ కాగితం ఆయన జేబులో మడతలు నలిగిపోయేదాకా ఉంది. అదే ఏడాది రెండు వేళ్ళూ తీసేశారు. ఎముకలు విరిగిన వాళ్ళను ఎంతమందినో చూశారు కాబట్టి, "విరిగింది అతుక్కుంటదమ్మాయ్, కాలింది అతుక్కోదు" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు ఆ బారు కణాలకు పెద్ద పేరొచ్చింది. మెసెంకైమల్ మూలకణాలట. మా మనవరాలి పుస్తకంలో వాటి బొమ్మ చూసి, పేజీ మీద వేలు పెట్టి, "వీటిని నేను వదిలేసేదాన్నే" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు.

వేళ్ళు పోయాక మాస్టారు ఊరుకోలేదు. మూడు వేళ్ళ చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని చుట్టుపక్కల ఎక్కడెక్కడ ఎక్స్‌రే మిషన్లున్నాయో అక్కడికల్లా వెళ్ళేవారు. రేపల్లెలో ఒకటి, చెరుకుపల్లి దారిలో ఒకటి, బాపట్లలో రెండు. రోగులున్నప్పుడు నోరు విప్పేవారు కాదు. అందరూ వెళ్ళేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు ఆ మిషన్ నడిపేవాళ్ళతో ఒంటరిగా మాట్లాడేవారు. కొందరు విన్నారు. కొందరు, ఈ ముసలాయనకి ఉద్యోగం పోయి మతి చలించిందన్నారు.

బాపట్లకు ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. అక్కడి క్లినిక్కులో కాంపౌండరు నలభై ఏళ్ళ మనిషి, మాస్టారి బదులు ఆ వందమంది ఫోటోలూ తీసిపెట్టినాయన. మేం వెళ్ళేసరికి తెర ముందు చెయ్యి పెట్టి చూసుకుంటున్నాడు. మాస్టారు ఏమీ అనకుండా గోడమీద మెయిన్ స్విచ్చి తీసేశారు.

"ఏంటన్నయ్యా, లోపల డాక్టరుగారు చూస్తే..."

"చెయ్యి ఇట్టా పెట్టు."

కిటికీ దగ్గర బల్ల మీద అతను చెయ్యి పెట్టాడు. మాస్టారు తువ్వాలు తీసి పక్కన తన చెయ్యి పెట్టారు. వెలుతురులో నేను దగ్గరికి వంగి చూశాను. కాంపౌండరు బొటనవేలు, చూపుడువేలు గోళ్ళ మీద నిలువునా సన్నటి నల్లచారలు. కణుపుల మీద వెంట్రుకలు లేవు. చర్మం అక్కడక్కడా మెరుస్తోంది.

"సున్నం పడి అట్టా అయిందనుకున్నా" అన్నాడు అతను.

"నేను ఫిల్ములు కడిగే హైపో నీళ్ళ వల్లనుకున్నా. పదేళ్ళు అట్టాగే అనుకున్నా."

అతను తన గోళ్ళ వంక, మాస్టారి చెయ్యి వంక మార్చి మార్చి చూశాడు. కుర్చీలో కూలబడి, "ఇప్పుడు మానేస్తే?" అన్నాడు.

మాస్టారు ఆ గోళ్ళను ఒక్కొక్కటే నొక్కి చూశారు. "నీకింకా ఉన్నయ్యి లోపల, బాగుచేసేవి. నాకు అయిపోయినయ్యి. వాటిని బతకనీ తమ్ముడూ. ఇంక చెయ్యి పెట్టకు. పిల్లల్ని కదలకుండా నిలబెట్టను తాడు కట్టిన చెక్క చేయించు, నువ్వు చాటున నిలబడను గోడ కట్టించు, డాక్టరుగారు కాదంటే నేనొచ్చి అడుగుతా."

ఆ క్లినిక్కులో మిషన్‌కి అడ్డంగా ఇటుక గోడ లేచింది. దాని కోసం మాస్టారు మళ్ళీ రెండుసార్లు బాపట్ల వెళ్ళి ఆ డాక్టరుగారి గుమ్మంలో కూర్చున్నారని తర్వాత తెలిసింది.

డెబ్బైలు ముగిసే ముందు ఆయన కుడిచంకలో గడ్డ కనిపించింది. వేలి పుండు క్యాన్సరని, వేళ్ళు తీసేనాటికే పైకి పాకిందని చిన్న డాక్టరుగారు చెప్పారు. మాస్టారు తన ఛాతీ ఫోటోను తానే కిటికీకి ఎత్తి చదువుకున్నారు. నాకూ చూపించలేదు. "మంచి ఫిల్మే. బాగా తీశాడు" అని కవర్లో పెట్టేశారు. అయిదు నెలల తర్వాత రేపల్లెలో పోయారు.

కబురందగానే పొద్దుటి బండికి వెళ్ళాను. ఇంటి ముందు పది ఇరవైమంది ఉన్నారు. ఆయన భార్య నన్ను పట్టుకుని ఏడ్చి, కాసేపటికి తేరుకుని, "నొప్పి లేకుండానే పోయాడమ్మా" అంది. వసారాలో స్తంభానికి ఆనుకుని బాపట్ల కాంపౌండరు నిలబడి ఉన్నాడు. రెండేళ్ళలో జుట్టు తెల్లబడింది. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"పోయిన నెల వద్దామని బయల్దేరానమ్మా. బస్సు తప్పింది. సర్లే, మళ్ళీ ఆదివారం వెళ్దాంలే అనుకున్నా." చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "ఆయనకి ఇవి చూపిద్దామని."

రెండు చేతులూ నా ముందుకు చాపాడు, బళ్ళో గోళ్ళు చూపించే పిల్లాడిలా. నల్లచారలు లేవు. గోళ్ళు మొదలు నుంచి కొసదాకా తేటగా వచ్చాయి. కణుపుల మీద సన్నగా వెంట్రుకలు మొలిచాయి.

లోపల ఆయన్ను పడుకోబెట్టిన చోటు నుంచి ఎవరో మమ్మల్ని పిలుస్తున్నారు. నేను కదల్లేదు. అతని చేతులు పట్టుకుని, వెలుగున్న వైపు తిప్పి, ఒక్కో గోరూ నొక్కి చూశాను. అన్నీ చూసేదాకా వదల్లేదు. పదీ బాగున్నాయని చెప్పాను.